దివిసీమలో రెండు రోజులు

విజయవాడ నుండి అవనిగడ్డకు రెండు దారులున్నాయి. పామర్రు, చల్లపల్లి మీదుగా వెళ్లే బస్సు దారి ఒకటి, కృష్ణానది కరకట్ట వెంట సాగేది మరొకటి. మేము కరకట్టనే ఎంచుకున్నాము. పులిగడ్డ వద్ద నది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేలే దివిసీమ. అక్కడ నదిపై కట్టిన అక్విడెక్టులో సాగునీటి కాలువ పారుతూ ఉంటుంది. క్రింద ఏరు, పైన కాలువ! పిల్లలు బండి ఆపించి మరీ చూశారు.

అవనిగడ్డ చిన్న ఊరే. అయినా ఉపాధ్యాయ ఉద్యోగ పరీక్షల తర్ఫీదుకు రాష్ట్రమంతటా పేరున్న ఊరు. ఎక్కడెక్కడి నుండో వచ్చిన యువతీ యువకులు గదులు అద్దెకు తీసుకుని, పుస్తకాలు చంకన పెట్టుకుని వీధుల్లో కనిపిస్తారు. దివిసీమను తెలుసుకోవాలంటే మాత్రం ఊరి పొలిమేర దాటాలి.

మొదటి రోజు నాగాయలంక మీదుగా ఏటిమొగ చేరాము. అక్కడ రోడ్డు ఆగిపోతుంది, నది మొదలవుతుంది. ఆవల ఎదురుమొండి దీవి. పంటు మీద మోటారు సైకిళ్లు, ఆటోలు, గడ్డిమోపులు, మనుషులు, అందరూ కలిసే దాటాలి. మా ప్రక్కన నిలబడిన ఒక మత్స్యకార స్త్రీ మా ఆడవాళ్లతో మాటలు కలిపింది. "పగలంతా బాగానే ఉంటాదమ్మా. రాత్రిపూట నొప్పులొస్తేనే భయం" అన్నది. వంతెన వస్తుందన్న మాట ఆమె చిన్నప్పటి నుండి వింటూనే ఉన్నదట.

దీవుల చుట్టూ మడ అడవులు. ఇవి కృష్ణా అభయారణ్యంలోని భాగం. బావురు పిల్లికి ఆశ్రయం. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుందని పడవవాడు పిల్లలను హెచ్చరించాడు. అడవి అంచు దాటగానే రొయ్యల చెరువులు. వరి పండిన నేలలు ఎన్నో చెరువులయ్యాయి. చేతికి డబ్బు వచ్చింది, ఊటనీటికి ఉప్పు పట్టింది. ఈ బేరం ఎవరికి లాభమో మేము తేల్చలేము గానీ, చుట్టూ నీరే ఉన్న ఊళ్లో మంచినీళ్ల డబ్బాలు మోసుకెళ్లడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

మరునాడు శుక్రవారం. అవనిగడ్డలో జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన మమ్మల్ని పలకరించి, మసీదు అరుగు మీద కూర్చోబెట్టుకున్నారు. మధ్యాహ్నం హంసలదీవి వైపు వెళ్తున్నామని చెప్పాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాది కోడూరు అవతలి ఊరే బాబూ. అప్పుడు నాకు పదకొండేళ్లు" అని మొదలుపెట్టారు.

అది 1977 నవంబరు 19, శనివారం. బక్రీద్ పండుగ ముంగిట్లో ఉంది. ఆయన ఇంట్లో కుర్బానీ కోసం పెంచిన పొట్టేలు కట్టుకొయ్యకు ఉంది. పొద్దుటి నుండీ గాలి. సాయంత్రానికి సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి, మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. మట్టి గోడలు, తాటాకు కప్పులు నిమిషాల్లో పోయాయి. తండ్రి ఈయనను భుజాన వేసుకుని ఊళ్లోని ఒకే ఒక మేడ ఎక్కించాడు. అది ఒక హిందూ రైతు ఇల్లు. ఆ రాత్రి ఆ డాబా మీద ఏ కులమూ ఏ మతమూ అడిగినవారు లేరు. తల్లి, చెల్లెలు చేరలేకపోయారు.

తెల్లవారాక తుమ్మచెట్ల ముళ్లకు చిక్కుకున్న శవాలు, పశువుల కళేబరాలు. ఎవరు ఎవరో పోల్చే వీలు లేదు. కొందరిని పూడ్చారు, కొందరిని గుట్టగా వేసి కాల్చారు. "గుసుల్ లేదు, కఫన్ లేదు. అమ్మీకి జనాజా నమాజు ఎక్కడ నిలబడి చదవాలో అబ్బాకు తెలియలేదు" అన్నారాయన. ఆ ఏడు పండుగ నమాజుకు కొత్త బట్టల మాట అటుంచి, పొడి బట్టలే లేవట.

ఆ ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించారు. అంతకంటే ఎక్కువేనన్న లెక్కలూ ఉన్నాయి. సొర్లగొంది వంటి ఊళ్లలో వందల ప్రాణాలు ఒక్క పూటలో పోయాయి. మదర్ థెరీసా వచ్చారు. దేశం నలుమూలల నుండి బియ్యం, బట్టలు వచ్చాయి. 1990 మే 9న దాదాపు అంతటి తుఫానే కృష్ణా ముఖద్వారం సమీపంలో తీరం దాటింది. అప్పటికి హెచ్చరికలు ముందుగా అందాయి, లక్షలాది మందిని ముందే తరలించారు. మరణాలు వెయ్యి లోపే. గాలి మారలేదు, మనుషుల సంసిద్ధత మారింది.

"మీరూ మాతో రండి చాచా, బండిలో చోటుంది" అన్నాము. ఆయన చిన్నగా నవ్వి తల అడ్డంగా ఊపారు. అవనిగడ్డకు వచ్చి స్థిరపడిన నాటి నుండి తాను సముద్రం వైపు వెళ్లలేదన్నారు.

కోడూరు దాటి హంసలదీవి, పాలకాయతిప్ప చేరేసరికి ఎండ వాలింది. సెలవు రోజు కాకపోయినా జనం బాగానే ఉన్నారు. ఐస్‌క్రీము బండ్లు, ఫోటోలు, కేరింతలు. దూరాన నది రంగూ సముద్రం రంగూ వేరువేరుగా కనిపిస్తూ కలుస్తున్నాయి. దారిలో ఎత్తైన స్తంభాల మీద నిలిచిన తుఫాను షెల్టరును పిల్లలకు చూపించాము. ఆ మెట్లు ఎందుకంత ఎత్తున ఉన్నాయో వాళ్లు అడగలేదు. మసీదు అరుగు మీది మాటలు వాళ్లూ విన్నారు కదా.

మగ్‌రిబ్ వేళకు తిరిగి అవనిగడ్డ వచ్చాము. పెద్దాయన వుజూ చేస్తున్నారు. మమ్మల్ని చూసి, మా చిన్నవాణ్ణి దగ్గరకు పిలిచారు.

"సముద్రం చూశావా బేటా? అలలు పెద్దవా?"

"చిన్నవే, దాదా. మా మోకాళ్ల దాకే వచ్చాయి."

ఆయన వాడి తల నిమిరి, తడి చేతులు తుడుచుకోకుండానే లోపలికి నడిచారు.