చెవిలోని మాట

హైదరాబాదునకు తూర్పున, నాచారమునకు సమీపమున, ఉప్పలు క్రికెట్టు మైదానము గలదు. అచ్చటి తొలి అంతర్జాతీయ ఒకరోజు పోటీ 2005 నవంబరు 16న భారత, దక్షిణాఫ్రికా జట్ల నడుమ జరిగినది.

వేలమంది ఒక్కపెట్టున కేకలు వేయుచుండగా బంతి బ్యాటును ఒరసికొనెనో లేదో తెలియుటెట్లు? వికెట్ల చెంతనున్న మైక్రోఫోను ఆ చిన్న సవ్వడిని పట్టును. తెరముందున్న మూడవ అంపైరు దానిని చిత్రముతో సరిపోల్చి, మైదానమందలి అంపైరు చెవిలో నిర్ణయము తెలుపును.

వ్యాఖ్యాత పని ఇంకను కష్టము. అతడు మాటలాడుచుండగనే దర్శకుని ఆజ్ఞలు ఇయర్‌ఫోనులో వినబడుచుండును. వానిని వినుచునే, విననట్లు పలుకవలెను!

మైదానమునుండి దూరపు స్టూడియోతో సంభాషించు విలేఖరికి వేరొక చిక్కు. తన గొంతే ఆలస్యముగా చెవికి తిరిగివచ్చినచో నాలుక తడబడును. కావున అతని గొంతును తొలగించి, తక్కిన ధ్వనులను మాత్రమే అతని చెవికి పంపుదురు.