గిజిగాడు, తీతువు, నా కెమెరా

వన్యప్రాణుల ఛాయాచిత్రము లనగానే మనకు పెద్దపులియు, ఏనుగుల గుంపును, జీపులో కూర్చుండి మూరెడు కెమెరాతో గురిపెట్టిన మగవాడును తలపునకు వచ్చుట సహజము. గోదావరి దాటినచో కవ్వాల అడవి మా కోరుట్లకు మిక్కిలి దూరము గాదు. అయినను రెండుపూటల వంట చూచుకొనవలసిన నావంటిదానికి పులికొరకు పగలెల్ల కాచియుండుట పొసగునా? నాకు దొరకిన వన్యప్రాణులు చేనిలోనివి, బావి మీదివి, కరెంటుతీగ మీదివి. నాలుగేండ్లుగా నేను వానితోడనే వేగుచున్నాను.

కెమెరా నేను కొన్నది గాదు. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి ఎందరో గల్ఫు దేశములకు పోయి కష్టించుచుందురు. మా తమ్ముడును అట్లే దుబాయి పోయి, తిరిగి వచ్చునపుడు దీనిని తెచ్చుకొనెను. నెల తిరుగకమునుపే విసిగి, "అక్కా, నువ్వే ఉంచుకో" అని నాచేత బెట్టి పోయెను. అతడు విసిగిన కారణము నాకు వారములోనే తెలిసినది.

శ్రీరామసాగరము కాలువ గట్టున లకుముకిపిట్ట కొరకు పోతిని. అది కొమ్మపై నున్నంతసేపు నేను మీటలు వెదకుకొంటిని. నేను మీట నొక్కునప్పటికి కొమ్మ మాత్రము మిగిలెను. మరియొకనాడు పిట్ట కదలలేదు గాని, కెమెరా తన బుద్ధితో ముందున్న తుమ్మముల్లును తేటగా బట్టి వెనుకనున్న పిట్టను మంచుముద్దగా చేసినది. యంత్రమునకు పిట్టయు ముల్లును ఒక్కటియే గదా. దాని చూపును నడిమి చుక్క కొక్కదానికే కట్టివేసి, ఆ చుక్కను పక్షి కంటిపై నిలుపవలెనని తెలియుటకు నాకు 3 నెలలు పట్టినది. 200 బొమ్మలు తీసిననాడు రెండు నిలిచిన గొప్ప. "పొద్దంతా పోయి ఉత్త కొమ్మ ఫోటో తెచ్చినవా బిడ్డా?" అని మా అత్తమ్మ అడుగుచుండెడిది. ఆమె పరిహాసమున కడుగలేదు, నిజముగనే అడిగెను. నాకు అదియే ఎక్కువ కష్టముగా నుండెడిది.

జగిత్యాల నా పుట్టినిల్లు. దసరానాడు పాలపిట్టను చూచుట మావైపు శుభమని మీ రెరుగుదురు. అది తీగమీద కూర్చున్నంతసేపు మట్టిరంగు పిట్టయే. ఎగిరినపుడే రెక్కలలోని నీలము బయటపడును. కొందరు దానిని బట్టి పంజరమున బెట్టి, పైకము గైకొని చూపుదురు. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. మన రాష్ట్రపక్షి కీ గతి యేమో! నేను మూడు దసరాలు ప్రయత్నించి, మూడవయేట రెక్కలు విప్పిన పాలపిట్ట నొక్కదానిని పట్టగలిగితిని. మోకాళ్ల నొప్పులచే గడప దాటలేని మా అమ్మకు కెమెరా వెనుక అద్దములో దానిని చూపితిని. ఆమె చేతులు జోడించి, "గిది సూసినా సూసినట్టేనా బిడ్డా?" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని.

మా అక్కను సిరిసిల్లకిచ్చిరి. బావ మరమగ్గములు నడుపును. వానిని అచ్చట సాంచాలందురు. శ్రావణమాసమున వారింటికి బోయినపుడు, ఊరి వెలుపల బావిమీదికి వంగిన ఈతచెట్టున గిజిగాండ్ల గూళ్లు వ్రేలాడుచుండెను. రెండు ఉదయములు అచ్చటనే కూర్చుంటిని. నేత యంతయు మగపక్షిదే. పచ్చని తలపాగ చుట్టినట్లుండు ఆ చిన్నవాడు వరియాకు అంచున ముక్కుతో గంటుపెట్టి, పోగు కొసను బట్టి ఎగిరిపోవును. ఆ యెగురుటలోనే పోగు చీలి వచ్చును. అట్లు తెచ్చిన పోగులతో ముడివేసి, అల్లి, గూడు సగమై టోపీవలె నున్నపుడు పని నిలిపి, రెక్కలల్లార్చుచు ఆడుపక్షిని పిలుచును. ఆమె వచ్చి లోపలికి దూరి, పోగులు లాగి చూచును. నచ్చినచో కాపురము, నచ్చకున్న మరియొక యిల్లు చూచుకొనును. (పెండ్లికి ముందు మనకు ఇల్లు లాగిచూచు హక్కు లేకపోయెగదా అని అక్కయు నేనును నవ్వుకొంటిమి.) ఒప్పుకొన్న పిమ్మట మగపక్షి పొడవాటి గొట్టము నల్లి గూడు ముగించి, వేరొక గూటికి పోగులు తెచ్చుటకు బోవును. గ్రుడ్లు పొదుగుట ఆడుపక్షి పనియే.

బావ యొకనాడు నాతో వచ్చి చాలసేపు చూచి, "గింత నేసినంక ఆమె వద్దంటే కూలి ఎవలియ్యాలె?" అనెను. ఆర్డరు లేక సాంచాలు ఆగిన దినము లెరిగినవాడు గావున ఆ మాటలో నవ్వు కొంతయే యుండెను.

ఆ పక్షి రెక్కలను నిలిపి పట్టుటకు సెకనులో 1000వ వంతు కాలము చాలవలెను. అంత తక్కువ కాలమునకు వెలుతురు మిక్కుటముగా కావలెను. ముసురుపట్టిన శ్రావణమున వెలుతురెక్కడిది? కాలము పెంచిన రెక్క చెదరును, తగ్గించిన బొమ్మ నల్లబడును. సగము గూటిలో తల దూర్చిన ఆడుపక్షి తోక, క్రింద తలక్రిందులుగా వ్రేలాడు మగపక్షి కన్ను, ఇవి మాత్రమే నాకు దక్కినవి. ఆ బొమ్మను బావ సాంచాల కొట్టములో గోడకు తగిలించెను.

పక్షులకు కనబడకుండ దాగుటయే ఈ విద్యలో సగము. ఇంగ్లాండులో కియర్టన్ సోదరులు 1900 ప్రాంతమున బోలు ఎద్దుబొమ్మను జేయించి, దాని కడుపులో దూరి పక్షుల బొమ్మలు తీసిరి. ఆ దేశముననే ఎమ్మా టర్నర్ అను స్త్రీ నార్ఫోక్ సరస్సులలో పడవయింట నివసించుచు, 1911లో బిట్టర్న్ అను కొంగజాతి పక్షిపిల్లను చిత్రించెను. ఆ పక్షి అచ్చట గూడుగట్టుట మానినదని తలచియుండగా, మరల పిల్లలు చేయుచున్నదనుటకు ఆ చిత్రమే సాక్ష్యమైనది. దానికి రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీవారు బంగారు పతకమిచ్చిరి. నేను ఎండలో, కోరుట్లలోని మా చేనిలో, దాగకుండ నిలిచి చేసిన పని యిపుడు చెప్పెదను.

వైశాఖమాసము. పసుపు తవ్విన చేను ఖాళీగానుండెను. నడుచుచుండగా నెత్తిపై తీతువొకటి అరచుచు తిరుగసాగెను. తీతువు అరచిన చావుకబురు వచ్చునని మనవారందురు. ఆ యరపు మనకొరకు గాదు, తన గ్రుడ్లకొరకు. వెదకగా గుంటలోని గులకరాళ్లనడుమ, రాళ్ల రంగువే 4 గ్రుడ్లు కనబడినవి. నా యానందమునకు మేరలేదు. పదునైదడుగుల దూరమున నిలిచి, కెమెరా యెత్తి, తల్లి వచ్చి కూర్చుండునని కాచుకొంటిని. పావుగంట గడచినది. అది రాలేదు.

గట్టున గొర్రెలను మేపుచున్న అవ్వ కేకవేసెను: "నువ్వు గాడ నిలబడితే అది రాదు బిడ్డా! ఎండకు గుడ్లు ఉడుకుతయి."

గ్రుడ్లకు వేడియే కావలెనని నేనెంచియుంటిని. ఆ ఎండలో తల్లి కూర్చుండుట వేడి యిచ్చుటకు గాదు, నీడ యిచ్చుటకు. సిగ్గుతో వెనుదిరిగితిని. మరునాటినుండి అరువదడుగుల దూరమున ఎడ్లబండి క్రింద గోనెపట్టాలు దించుకొని కూర్చుంటిని. తల్లి బోరుబావివద్ద మడుగులో పొట్ట తడుపుకొని, పరుగున వచ్చి, చుక్కలు కారుచున్న ఈకలతో గ్రుడ్లపై నిలుచుట చూచితిని. తీసిన బొమ్మ చెడినది. నేల సెగకు అంతయు నీటిలో చూచినట్లు వణకినది. దూరమునుండి తీసిన బొమ్మలకు ఎండకాలమున ఇది తప్పదు.

మృగశిర దగ్గరపడగా మావారు దున్నకము మొదలుపెట్టిరి. నా మాట విని, గుంటచుట్టు 4 తుమ్మకంపలు పాతి, ట్రాక్టరును తిప్పించి పోనిచ్చిరి. మూడు గ్రుడ్లు పిల్లలైనవి. పిల్లలు గుంట విడిచి తల్లివెంట పోయిన పిమ్మటను నాలుగవది అట్లే మిగిలెను. నేను నిలిచిన ఆ పావుగంటయే దానికి చేటయ్యెనో, మరేమో. దానిని నేను బొమ్మ తీయలేదు.

పిల్లలు పుట్టిన దినమున మాత్రము మబ్బు క్రమ్మి, సెగ తగ్గి, బండిక్రిందనుండి ఒక్క మంచి బొమ్మ దొరకినది. తల్లి నిలిచియుండగా పిల్లలు పొట్టక్రింద దాగినవి, కాళ్లు మాత్రము కనబడుచున్నవి. అచ్చువేయించి అవ్వకొకటి యిచ్చితిని. ఆమె దానిని బీడీలు చుట్టు చాటప్రక్క గోడకు ఆనించెను. ఆమె మనుమరాలు దగ్గరకు వచ్చి వ్రేలితో లెక్కపెట్టి, "అమ్మమ్మా, గీ పిట్టకు ఎనిమిది కాళ్లు!" అని అరచెను.