లక్షలు తిరిగిన పికప్ కొనొచ్చా?
అపోహలు – వాస్తవాలు

పాల క్యాన్లు, టమాటా బాక్సులు, చేపల ఐసు పెట్టెలు, షామియానా సామాను... ఊరికీ ఊరికీ మధ్య ఈ సరుకంతా మోసేది బొలెరో పికప్‌లు, టాటా ఏస్‌లు, అశోక్ లేలాండ్ దోస్త్‌లే. 2005లో టాటా ఏస్ వచ్చాక లారీ కొనే స్తోమత లేనివాళ్లు కూడా సొంత బండి మీద బతకడం మొదలుపెట్టారు. కొత్తది కొనలేనివాళ్లు సెకండ్ హ్యాండ్ వైపు చూస్తారు. ఇంట్లో బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బుతో బేరానికి కూర్చుంటారు. అలాంటి డబ్బు వినికిడి మాటల మీద ఖర్చు కాకూడదు. అందుకే బేరాల దగ్గర తరచూ వినిపించే ఆరు మాటలను ఇక్కడ పరిశీలిద్దాం.

అపోహ 1: రెండు లక్షల కిలోమీటర్లు దాటితే ఇంజిన్ పని అయిపోయినట్టే.

వాస్తవం: ఎన్ని కిలోమీటర్లు అన్నదానికంటే అవి ఎలా తిరిగాయన్నది ముఖ్యం. హైదరాబాద్–విజయవాడ హైవే మీద నిలకడైన వేగంతో, వేళకు ఆయిల్ మార్పించుకుంటూ తిరిగిన బండికి రెండు లక్షలు పెద్ద లెక్క కాదు. సందుల్లో క్లచ్ తొక్కుతూ, ఓవర్‌లోడుతో లక్ష తిరిగిన బండి అంతకంటే ఎక్కువ అరిగిపోయి ఉండొచ్చు.

ఇంజిన్ సంగతి చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది. మీరు వెళ్లేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే అప్పటికే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. స్టార్ట్ చేశాక పొగ గమనించండి. నల్ల పొగకు ఎయిర్ ఫిల్టరో నాజిళ్లో కారణమైతే బాగుచేయించుకోవచ్చు. నీలి పొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే అక్కడి నుంచి పొగ గట్టిగా తన్నుకొస్తుంటే బోరు పని దగ్గర పడినట్టే. ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి, లేదా ఆ బండి వదిలేయాలి.

అపోహ 2: మీటరులో తక్కువ ఉంటే మంచి బండి.

వాస్తవం: మీటరు వెనక్కి తిప్పడం పాత మోసం. డిజిటల్ మీటర్లూ దానికి అతీతం కాదు. చిన్న లెక్క వేసి చూడండి. ఏడేళ్ల సరుకు బండి మీటరు 60 వేలు చూపిస్తోందనుకుందాం. ఏడాదికి 300 పని దినాలు వేసుకున్నా రోజుకు 30 కిలోమీటర్లు కూడా తిరగలేదన్నమాట. కిరాయికి తిప్పిన బండి అంత తక్కువ ఎందుకు తిరిగిందో యజమాని చెప్పగలగాలి. పెడళ్ల రబ్బర్లు, స్టీరింగ్, గేర్ రాడ్ నాబ్, డ్రైవర్ సీటు ఎంత అరిగాయో చూడండి. కంపెనీ సర్వీసింగ్ చేయించిన బండైతే ఆ రికార్డుల్లో ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లో ఉంటుంది. మీటరుతో పోల్చి చూడండి.

అపోహ 3: ఇంజిన్ బాగుంటే చాలు, మిగతావి చిన్న పనులు.

వాస్తవం: పికప్ విషయంలో ఇదే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. ఇంజిన్‌ను బోరు చేయించొచ్చు. వంగిన, పగిలిన, తుప్పు తిన్న ఛాసిస్‌ను మళ్లీ నమ్మకంగా నిలబెట్టడం చాలా కష్టం. అందుకే బండి కిందకు దూరి చూడాలి. కమాన్ కట్టలు బిగించిన చోట పగుళ్లు, తర్వాత వేసిన వెల్డింగులు ఉన్నాయా? కంపెనీ ఇచ్చినదానికి మించి కమాన్ పట్టీలు చేర్చారా? చేర్చారంటే ఆ బండి పరిమితికి మించి మోసిందని అనుమానించాలి.

ఏ సరుకు మోసిందో కూడా అడగండి. చేపలు, రొయ్యలు మోసిన బండిలో ఐసు కరిగిన ఉప్పునీళ్లు డాలా సందుల్లోంచి కిందకు కారుతూనే ఉంటాయి. కోస్తా గాలికి అది తోడైతే తుప్పు త్వరగా పడుతుంది. రాయి, కంకర మోసినదైతే హౌసింగ్, క్లచ్, బేరింగులు ముందుగా చూపించండి. ఖాళీ బండి నడిపి చూస్తే సరిపోదు. కుదిరితే లోడుతో ఎత్తు ఎక్కించాలి. క్లచ్ జారుతోందా, గేరు దానంతటదే ఊడిపోతోందా అన్నది అక్కడే బయటపడుతుంది.

అపోహ 4: పెయింటు తళతళలాడుతోంది, బాగా చూసుకున్న బండే.

వాస్తవం: అమ్మే ముందు వేసిన కొత్త రంగు తుప్పును, పాత దెబ్బలను కప్పేస్తుంది. వరదలో మునిగిన బళ్లూ కడిగి, తుడిచి అమ్మకానికి వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమో చూడండి. సీటు కింద, డాష్‌బోర్డు వెనక వైర్ల దగ్గర ఒండ్రు గీతలున్నాయేమో, ముక్కవాసన వస్తోందేమో చూడండి.

అపోహ 5: బీఎస్6 బండి కొత్తది కాబట్టి ఖర్చు ఉండదు.

వాస్తవం: 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 తప్పనిసరైంది. ఆ తరం డీజిల్ బళ్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు, సెన్సర్లు ఉంటాయి. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు వేడిగా, నిలకడగా నడవాలి. రోజంతా చిన్న చిన్న ట్రిప్పులకే తిరిగితే ఫిల్టరు మూసుకుపోవచ్చు. మీటరు ప్యానెల్లో హెచ్చరిక లైటు వెలుగుతుంటే స్కానర్ పెట్టించందే బేరం ఆడొద్దు.

అపోహ 6: ఫారాల మీద సంతకాలు పెట్టాడు, పేరు తర్వాత మార్చుకోవచ్చు.

వాస్తవం: సి-బుక్కులో పేరు మారనంతవరకు చట్టం దృష్టిలో యజమాని పాతవాడే. ప్రమాద పరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి పేరు మార్పు ఇద్దరికీ రక్షణే. ఫారం 29, 30 వెంటనే దాఖలు చేయించండి. కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీని కోరాలి. ఫైనాన్స్ ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఎంపరివాహన్ యాప్‌లో వివరాలు సరిచూసుకోండి, పాత చలాన్లు వెతకండి, ఛాసిస్ నంబరును సి-బుక్కుతో పోల్చండి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) ఉందని ఇంజిన్‌కు హామీ ఉన్నట్టు కాదు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలన్నదీ ఖర్చులో కలుపుకోండి.

ఇంతకీ కొనాలా, వద్దా?

అది మీ పనిని బట్టి ఉంటుంది. మామిడి సీజన్‌కో, సొంత పొలం పనికో, వారానికి రెండు కిరాయిలకో అయితే ఎక్కువ తిరిగినా ఒళ్లు గట్టిగా ఉన్న బండి మంచి బేరమే. ఒక రోజు షెడ్డులో ఉన్నా నష్టం ఓర్చుకోవచ్చు. అదే తెల్లవారుజామున పాలు అందించాల్సిన కాంట్రాక్టు అయితే బండి ఆగిన రోజు ఆదాయం పోతుంది, కొన్నాళ్లకు కాంట్రాక్టూ పోతుంది. అలాంటివాళ్లు ఇంకొంత పెట్టి తక్కువ వయసు బండి చూసుకోవడం మేలు. ఏది కొన్నా చేతిలో డబ్బంతా ధరకే పెట్టేయకండి. టైర్లు, బ్యాటరీ, క్లచ్, నాజిళ్లకు కొంత విడిగా ఉంచుకోండి.

బేరానికి మీకు నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకెళ్లండి. ఆయన కూలి మీరే ఇవ్వండి, అమ్మేవాళ్ల కమిషన్ తీసుకోనివ్వకండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చూపించడానికి, బండి కిందకు చూడనివ్వడానికి ఒప్పుకోని మనిషి దగ్గర ధర ఎంత తక్కువైనా అడ్వాన్సు ఇవ్వకండి. పాత పికప్‌లు ఇంకా దొరుకుతాయి, కుదువ పెట్టిన బంగారం విడిపించుకోవడమే కష్టం.