సారథి స్వాతంత్ర్యము - యంత్రము కాపుదల

కోటి రూపాయల కారు కొన్నవాడు దానిని తన యిచ్చ వచ్చినట్లు నడుపుకొనరాదా? మలుపున చక్రము జారబోవు క్షణమున తనంతట తానే బ్రేకు వేసి, ఇంజనును మందగింపజేయుటకు యంత్రమునకు గల యధికార మేమి? వేగమునందు మక్కువగలవారు వేయు నీ ప్రశ్నను త్రోసివేయరాదు. జారుచున్న కారును స్టీరింగుతోడను, ఆక్సిలరేటరుతోడను దారికి దెచ్చుట నిజముగ నొక విద్య. యంత్రము ముందే జోక్యము కల్పించుకొన్నచో ఆ విద్య పట్టుబడుట యెట్లు?

అయినను ఆ యంత్రము చేయు పని యెట్టిదో తెలిసికొనవలెను. బాష్ సంస్థవారి యీ స్థిరత్వ సాధనము 1995లో బెంజి కంపెనీవారి ఎస్ తరగతి కూపే కారునందు మొదట వెలువడినది. సారథి కారును ఎంత త్రిప్పదలచినాడో స్టీరింగును బట్టి యిది కనిపెట్టును. కారు నిజముగ నెంత తిరుగుచున్నదో కొలుచును. రెండును పొసగనిచో ఒక్క చక్రమునకు బ్రేకు వేయును: వెనుకభాగము జారినచో మలుపు వెలుపలి ముందు చక్రమునకు, ముందుభాగము తిరుగక తిన్నగా పోయినచో లోపలి వెనుక చక్రమునకు. సారథి కాలిక్రింద నున్న బ్రేకు నాల్గు చక్రములను ఒక్కమారే పట్టును. కావున నెంతటి ప్రవీణునకును అలవిగాని పనిని ఈ సాధనము చేయుచున్నది. అయితే టైరునకు నేలపై గల పట్టును మించి యిదియు నేమియు చేయజాలదు.

1997లో స్వీడనునందు ఒక మోటారు పత్రికవారు, దుప్పి యడ్డువచ్చినచో తప్పించుకొను విధమును పరీక్షింపగా, బెంజివారి ఏ తరగతి చిన్న కారు బోల్తాపడినది. కంపెనీవారు కొంతకాలము విక్రయమును నిలిపి, ఆ తరగతి కార్ల కన్నిటికి ఈ సాధనము నమర్చిరి. ధనికుల కార్లలోని సౌకర్యము చిన్నకారున కట్లు దిగివచ్చినది! క్రొత్త కార్ల కన్నిటికి దీనిని అమెరికాలో 2011 సెప్టెంబరునుండియు, యూరోపియను యూనియనులో 2014 నవంబరునుండియు తప్పనిసరి చేసిరి.

వేగపు కార్లలో దీని పట్టును సడలించుటకు మీట లుండును. 2004లో వచ్చిన ఫెరారి ఎఫ్ 430 స్టీరింగుపై నొక చిన్న మర నుంచిరి. మంచునకు, జారు నేలకు, క్రీడకు, పందెమునకు వేరువేరు స్థానములు. చివరిది పూర్తిగా తొలగించుటకు. ఈ అంచెల పద్ధతియే మాకు సమంజసముగ దోచుచున్నది. కాని మీటలపై పేర్లను నమ్మరాదు. పోర్షే 911 కార్ల కొన్ని తరములలో "ఆఫ్" అని నొక్కినను, గట్టిగా బ్రేకు తొక్కగనే సాధనము మేల్కొనును. మరికొన్ని కార్లలో అదే మాట నొక్కినవానికి ఎట్టి రక్షణయు మిగులదు. ఒక కారున కలవాటుపడి మరియొకదాని నెక్కువానికి ఇది ప్రాణాంతకము.

అమెరికా నిబంధన మీటను నిషేధింపలేదు. ఇంజనును మరల స్టార్టు చేసిన ప్రతిమారు సాధనము యథాస్థితికి రావలె ననియు, తొలగించియున్నంతసేపు దీపము వెలుగుచుండవలె ననియు మాత్రము విధించినది. ప్రతి ప్రయాణమునను మరల నొక్కవలసివచ్చుచున్నదని విసుగుకొనువారియెడ మాకు సానుభూతి లేదు. రోడ్డుపై నెదురువచ్చు సైకిలువాడు ఈ ప్రయోగమునకు సమ్మతింపలేదు గదా! విద్య నేర్వగోరువారికి చెన్నపట్టణము చెంతను, కోయంబత్తూరునందును పందెపు బాట లున్నవి. అచటనైనను మొదట నడిమి స్థానమున నడిపి, శిక్షకుడు ప్రక్కనుండగా మాత్రమే చివరి స్థానమునకు బోవుట మేలు. అంతకుముందు, కారుతో నిచ్చిన పుస్తకమున "ఆఫ్" అనిన నర్థమేమో చెప్పు పుటను తెరచి చూచువా రెందరు?