ల్యాబ్‌లో బిల్డ్ ఓకే, ఫోన్‌లో ఎర్రర్! కనపడని హెడర్ ఫైళ్ల గొడవ

మా నర్సీపట్నంలో సీ నేర్చుకునే కుర్రాళ్లు కొందరు సగం పని ల్యాబ్ కంప్యూటర్‌లో, మిగతా సగం ఫోన్‌లో టెర్మక్స్ మీద చేస్తారు. వాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: "అన్నా, ల్యాబ్‌లో కంపైల్ అయిన కోడే ఇది. ఫోన్‌లో ఫంక్షన్ తెలీదంటోందేంటి?" ఫోన్ బాగానే ఉంది, కంపైలరూ బాగానే ఉంది. చాలాసార్లు కారణం, మీరు ఇన్‌క్లూడ్ చేయని హెడర్.

మీరు ఒక హెడర్‌ని పిలిస్తే అది లోపల ఇంకో పదింటిని పిలుస్తుంది. మీకు కావాల్సిన ఫంక్షన్ వాటిలో ఎక్కడో ఉంటే ఎర్రర్ రాదు. చింతపల్లి వెళ్లడానికి పక్కింటివాళ్ల కారులో సీటు దొరికినట్టన్నమాట. వాళ్లు ప్రయాణం మానుకుంటే మీరు బస్సు కోసం నిలబడాల్సిందే. ప్రాసెసర్ మారినా, సీ లైబ్రరీ మారినా ఈ లోపలి వరుస మారిపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఉండేది బయోనిక్, మామూలు లినక్స్ పీసీల్లో ఎక్కువగా ఉండేది జీలిబ్‌సీ.

ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లకే వచ్చే తంటా అనుకోకండి. 2011 మే నెలలో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌లోని లిస్ట్ కోడ్ నుంచి ప్రీఫెచ్ తీసేశారు. స్పీడ్ కోసం పెట్టినదే చిన్న లిస్టుల్లో ఉల్టా స్లో చేస్తోందని తేలింది. దాంతో లిస్ట్ హెడర్‌కి ప్రీఫెచ్ హెడర్‌తో పని లేకుండా పోయింది. తీరా చూస్తే, బోలెడు డ్రైవర్లు ప్రీఫెచ్ వాడుతూ దాని హెడర్‌ని మాత్రం ఇన్‌క్లూడ్ చేయలేదు! ఎక్స్86లో ప్రాసెసర్ హెడరే సొంతంగా ప్రీఫెచ్ ఇస్తుంది కాబట్టి అక్కడ తప్పు బయటపడదు. అలా ఇవ్వని ప్రాసెసర్లలో బిల్డ్ ఆగిపోతుంది. మరుసటి రోజే ఆయన గ్రెప్‌తో వెతికి అలాంటి ఫైళ్లలో చాలావాటిని సరిచేసే ప్యాచ్ పెట్టారు.

2022 జనవరిలో ఇంగో మోల్నార్ ఇదే హెడర్ల చిక్కుముడి విప్పడానికి 2,200కి పైగా ప్యాచ్‌లు తెచ్చారంటే చూడండి!

మీ కోడ్‌లో ఇది పట్టుకోవాలంటే జీసీసీకైనా క్లాంగ్‌కైనా డ్యాష్, పెద్ద హెచ్ ఆప్షన్ ఇవ్వండి. ఏ హెడర్ దేన్ని లాగిందో చెట్టులా చూపిస్తుంది. 'ఇన్‌క్లూడ్ వాట్ యూ యూజ్' అనే టూల్ కూడా ఉంది గానీ, అది ఒక్కోసారి లైబ్రరీ లోపలి ప్రైవేట్ హెడర్‌ని పెట్టమంటుంది, వినకండి. నా ఓటు మాత్రం ఫోన్‌కే: ల్యాబ్‌లో రాసింది ఆ సాయంత్రమే టెర్మక్స్‌లో ఒకసారి కంపైల్ చేస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా ఏఆర్ఎమ్ టెస్టింగ్ అయిపోతుంది.