అప్‌డేట్ కొట్టాక ఫోన్ ఆగిపోయిందా? డేటా పోకుండా ఏం చేయాలి.. వారంటీ లేకపోయినా ఎవరిని అడగాలి?

మీరు హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నారనుకోండి. ఎల్లంతకుంటలో ఉన్న నాన్న, పక్కింటివాళ్ల ఫోన్ నుంచి కాల్ చేశారు. "రాత్రి ఏదో అప్‌డేట్ అని వస్తే ఓకే కొట్టిన బిడ్డా. పొద్దుగాల చూస్తె కంపెనీ పేరే వస్తుంది, పోతుంది. ఫోన్ తెరుచుకుంట లేదు. షాపుల చూపిస్తే సాఫ్ట్‌వేర్ కొడితే అయిపోతదంటున్నరు. ఇయ్యమంటవా?"

దీనికి సరైన జవాబు: ఇప్పుడే వద్దు.

ఎందుకంటే 'సాఫ్ట్‌వేర్ కొట్టడం' అంటే చాలాసార్లు ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసి కొత్తగా వేయడమే. ఇప్పటి ఫోన్లలో డేటా మొత్తం తాళం వేసినట్టు భద్రపరిచి (ఎన్‌క్రిప్ట్ చేసి) ఉంటుంది. రీసెట్ చేస్తే ఆ తాళంచెవి కూడా చెరిగిపోతుంది. ఆ తర్వాత ఫొటోలు తిరిగి తెచ్చిస్తామని ఎవరు చెప్పినా నమ్మలేం. పైగా బయట షాపులో ఫోన్ విప్పితే, రేపు కంపెనీ 'మేం బాధ్యులం కాదు' అనడానికి అవకాశం ఇచ్చినట్టే. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ చాలా ముఖ్యం.

అసలు ఎందుకు ఆగిపోతుంది?

అప్‌డేట్ అంటే ఫోన్‌ను నడిపించే ప్రోగ్రామ్‌నే మార్చడం. అది ఆగిపోవడానికి ప్రధానంగా ఐదు కారణాలు ఉంటాయి.

• మధ్యలో చార్జింగ్ అయిపోవడం, ఫైలు పూర్తిగా, సరిగా దిగకపోవడం.
• స్టోరేజీ దాదాపు నిండిపోయి ఉండటం.
• పాత యాప్ ఏదో కొత్త వెర్షన్‌తో పొసగకపోవడం.
• అప్పటికే బలహీనంగా ఉన్న బ్యాటరీ, మెమరీ చిప్ లాంటివి అప్‌డేట్ సమయంలో పడే భారానికి బయటపడటం.
• కంపెనీ పంపిన అప్‌డేట్‌లోనే లోపం ఉండటం.

మొదటి రకం ప్రమాదాన్ని తగ్గించడానికే ఆండ్రాయిడ్ 7 నుంచి ఒక ఏర్పాటు వచ్చింది. ఫోన్‌లో వ్యవస్థకు రెండు గదులు ఉంటాయి. ఒక గదిలో పాతది నడుస్తుండగా రెండో గదిలో కొత్తది సిద్ధమవుతుంది. కొత్తది లేవకపోతే ఫోన్ తిరిగి పాత గదికి వెళ్లిపోతుంది. ఈ ఏర్పాటు ఉన్న ఫోన్లలో కొన్నిసార్లు రెండు మూడు రీస్టార్ట్‌లతోనే సమస్య తీరిపోవడానికి కారణం ఇదే. అన్ని మోడళ్లలో ఈ ఏర్పాటు లేదు.

ఇంట్లోనే చేయదగినవి.. ఈ వరుసలోనే

1. కాసేపు ఆగండి. పెద్ద అప్‌డేట్ తర్వాత మొదటిసారి ఫోన్ తెరుచుకోవడానికి 15, 20 నిమిషాలు పట్టవచ్చు. ఒకటి రెండు రోజులు ఫోన్ వేడెక్కడం, చార్జింగ్ త్వరగా దిగడం కూడా మామూలే.

2. ఫోన్‌తో వచ్చిన చార్జర్‌తో కనీసం అరగంట చార్జింగ్ పెట్టండి. మెమరీ కార్డు ఉంటే తీసేయండి.

3. బలవంతంగా రీస్టార్ట్ చేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను, వాల్యూమ్ తగ్గించే బటన్‌ను కలిపి 10 నుంచి 20 సెకన్లు నొక్కి పట్టాలి. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో వాల్యూమ్ పెంచే బటన్ ఒకసారి నొక్కి వదలాలి, తగ్గించే బటన్ ఒకసారి నొక్కి వదలాలి, తర్వాత పక్క బటన్‌ను యాపిల్ గుర్తు కనిపించేదాకా పట్టి ఉంచాలి. దీనివల్ల డేటా పోదు.

4. ఫోన్ తెరుచుకుని మళ్లీ మళ్లీ ఆగిపోతుంటే సేఫ్ మోడ్‌లో పెట్టండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలోని 'పవర్ ఆఫ్' మీద వేలు నొక్కి పడితే ఈ ఆప్షన్ వస్తుంది. సేఫ్ మోడ్‌లో బాగా నడిస్తే తప్పు మీరు వేసుకున్న ఏదో యాప్‌దే. ఈమధ్య వేసిన యాప్‌లను ఒక్కొక్కటిగా తీసేయండి. ముందుగా మాత్రం ఫొటోలు, కాంటాక్టులు వేరేచోటికి కాపీ చేసుకోండి.

5. అసలే తెరుచుకోకపోతే రికవరీ మోడ్. చాలా ఫోన్లలో పవర్, వాల్యూమ్ పెంచే బటన్లు కలిపి నొక్కితే వస్తుంది. కొన్ని మోడళ్లలో కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఉంచాలి. అందులో 'రీబూట్ సిస్టమ్', 'వైప్ క్యాష్ పార్టిషన్' అన్నవి ఉంటే వాడొచ్చు, వాటివల్ల ఫొటోలు పోవు. 'వైప్ డేటా' లేదా 'ఫ్యాక్టరీ రీసెట్' అన్నది మాత్రం ముట్టుకోవద్దు. ఐఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపినప్పుడు 'అప్‌డేట్' ఎంచుకుంటే డేటా ఉంటుంది, 'రీస్టోర్' ఎంచుకుంటే పోతుంది.

రీసెట్ ఎప్పుడు చేయొచ్చు? డేటా వేరేచోట ఉందని తేలాకే. నాన్న గూగుల్ ఖాతాతో వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో లాగిన్ అయి గూగుల్ ఫొటోస్, కాంటాక్ట్స్ తెరిచి చూడండి. అన్నీ కనిపిస్తే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. ఇంకో సంగతి, ఆండ్రాయిడ్ ఫోన్‌ను రికవరీ నుంచి రీసెట్ చేశాక పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్‌నో, పాత స్క్రీన్ లాక్‌నో అడుగుతుంది. రెండూ గుర్తులేకపోతే ఫోన్ బాగైనా లోపలికి వెళ్లలేరు.

ఈలోగా సిమ్, డబ్బుల సంగతి

సిమ్ తీసి ఇంట్లో ఉన్న వేరే ఫోన్‌లో, అది పాత బటన్ల ఫోన్ అయినా సరే, వేయండి. ఆధార్, బ్యాంకు ఓటీపీలు నంబరుకు వస్తాయి గానీ ఫోన్‌కు కాదు. ఆ ఓటీపీలతో డిజిలాకర్ లాంటివి ఇంకో ఫోన్‌లో తెరుచుకోవచ్చు. యూపీఐ మాత్రం సిమ్‌తో, ఫోన్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి సిమ్ వేసిన స్మార్ట్‌ఫోన్‌లో మళ్లీ నమోదు చేసుకోవాలి. అంతవరకు ఏటీఎం కార్డే దిక్కు.

వాట్సాప్‌ను వేరే ఫోన్‌లో తెరిస్తే పాత బ్యాకప్ తెచ్చుకోవాలా అని అడుగుతుంది. తొందరలో 'స్కిప్' కొట్టొద్దు. కొట్టాక కొత్త బ్యాకప్ మొదలైతే పాతది పోయే ప్రమాదం ఉంది.

ఈ సమయంలోనే మోసగాళ్లతో జాగ్రత్త. కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికితే నకిలీవి కూడా వస్తాయి. ఫోన్ డబ్బా మీద, కంపెనీ సొంత సైటులో ఉన్న నంబరుకే చేయండి. స్క్రీన్ చూపించే యాప్ వేయమన్నా, ఓటీపీ అడిగినా పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి. అలాగే నాన్న ఓకే కొట్టింది నిజంగా ఫోన్ అప్‌డేటేనా, వాట్సాప్‌లో వచ్చిన ఏదైనా ఏపీకే ఫైలా అన్నదీ అడగండి. అసలైన అప్‌డేట్ ఫోన్ సెట్టింగ్స్ ద్వారానే వస్తుంది.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు

ఎల్లంతకుంట లాంటి మండల కేంద్రం నుంచి అధీకృత సర్వీస్ సెంటర్ అంటే సిరిసిల్లకో, కరీంనగర్‌కో, సిద్దిపేటకో పోవాల్సి వస్తుంది. అందుకే ఒక్కసారికే పని అయ్యేలా సిద్ధం కండి. కొన్ని కంపెనీలు ఇంటికొచ్చి ఫోన్ తీసుకెళ్లే సదుపాయం ఇస్తున్నాయి. మీ పిన్‌కోడ్‌కు ఉందేమో ముందు అడగండి.

• ఫోన్ ఎలా ఆగిపోతోందో వేరే ఫోన్‌తో వీడియో తీయండి. అప్‌డేట్ చేసిన తేదీ రాసుకోండి.
• బిల్లు, డబ్బా మీది ఐఎంఈఐ నంబరు ఫొటో దగ్గర పెట్టుకోండి.
• జాబ్ షీట్ తప్పక తీసుకోండి. 'ఆన్ కావడం లేదు' అని మాత్రమే రాస్తే ఒప్పుకోవద్దు. 'ఫలానా తేదీన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన తర్వాత ఆన్ కావడం లేదు' అని రాయించండి. రేపు కేసు అంతా నిలబడేది ఈ ఒక్క వాక్యం మీదే.
• మదర్‌బోర్డు మారిస్తే డేటా పోతుంది. మార్చే ముందు తప్పక అడగాలని జాబ్ షీట్ మీదే రాయించండి.
• రిపేరుకు ఎంతవుతుందో, ఎందుకవుతుందో కాగితం మీద ఇమ్మనండి.

'వారంటీ అయిపోయింది' అంటే?

ఎక్కువమంది ఈ మాట దగ్గరే వెనక్కి వచ్చేస్తారు. కానీ కథ అక్కడితో అయిపోదు. వారంటీ ఉన్నా లేకపోయినా, ఆ అప్‌డేట్ పంపింది కంపెనీయే. బాగా నడుస్తున్న ఫోన్ దానివల్లే పాడైందని చూపగలిగితే అడిగే హక్కు మీకుంది. గతంలో ఏం జరిగిందో చూడండి.

ఇటలీలో అప్‌డేట్ల వల్ల పాత ఫోన్లు మందగించాయన్న ఫిర్యాదులపై విచారణ జరిపిన అక్కడి నియంత్రణ సంస్థ 2018లో యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోల జరిమానా వేసింది. మన దేశంలో అప్‌డేట్ తర్వాత తెర మీద పచ్చగీత వచ్చిందని చాలామంది ఫిర్యాదు చేశాక, 2023లో వన్‌ప్లస్, 2024లో శాంసంగ్ కొన్ని మోడళ్లకు వారంటీ ముగిసినా ఉచితంగా తెర మార్చే పథకాలు తెచ్చాయి. 2025 జులైలో పిక్సెల్ 6ఏ బ్యాటరీ సామర్థ్యాన్ని తగ్గించే అప్‌డేట్ ఇచ్చిన గూగుల్, ఉచితంగా బ్యాటరీ మార్చే అవకాశం కూడా ఇచ్చింది.

ఇంకొకటి మరీ ముఖ్యం. ఐఓఎస్ 18 అప్‌డేట్ తర్వాత ఫోన్లు సరిగా పనిచేయడం లేదని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదులు వచ్చాయి. వాటిని పరిశీలించి యాపిల్‌కు సీసీపీఏ ద్వారా నోటీసు ఇచ్చామని కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి 2025 జనవరిలో ప్రకటించారు. ఆ నోటీసుకు మూలం మామూలు జనం ఇచ్చిన ఫిర్యాదులే.

కాబట్టి సర్వీస్ సెంటర్‌లో రెండు ప్రశ్నలు అడగండి. ఈ మోడల్‌కు ఏదైనా ఉచిత మరమ్మతు పథకం ఉందా? ఇది అప్‌డేట్ వల్ల కాదని మీరు రాసిస్తారా?

1915కు ఎలా ఫిర్యాదు చేయాలి?

ముందు కంపెనీకి ఈమెయిల్ పెట్టి ఫిర్యాదు నంబరు తీసుకోండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. 8800001915 నంబరుకు వాట్సాప్ చేయొచ్చు, ఉమంగ్ యాప్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. హెల్ప్‌లైన్ మీ ఫిర్యాదును కంపెనీకి పంపి పరిష్కారం కోసం ఒత్తిడి తెస్తుంది. తీర్పు చెప్పే అధికారం దానికి లేదు. అయినా కోర్టు మెట్లెక్కకుండా తేలే దారి ఇదే కాబట్టి ముందు ఇక్కడికే వెళ్లాలి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే..

1915తో కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఉమ్మడి జిల్లా కేంద్రమైన కరీంనగర్‌లో కమిషన్ పనిచేస్తోంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తెలుసుకోవాల్సినవి ఇవి.

• ఫోన్ మీరు హైదరాబాద్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఫర్వాలేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు.
• బిల్లు మీ పేరున ఉండి, ఫోన్ నాన్న వాడుతున్నా ఇబ్బంది లేదు. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే.
• సమస్య వచ్చిన రోజు నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాలి.
• వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల్లోపు ఉంటే ఫీజు లేదు.
• లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో బిల్లు, జాబ్ షీట్, ఈమెయిళ్లు జతచేసి ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. విచారణకు వీడియో ద్వారా హాజరు కావడానికి అనుమతి కోరవచ్చు.
• 3 నెలల్లో, వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే 5 నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఇంకా ఆలస్యం కావచ్చు.

రిపేరు, కొత్త ఫోన్, డబ్బు వాపసు, నష్టపరిహారం.. వీటిలో ఏదైనా అడగొచ్చు. అయితే లోపం అప్‌డేట్ వల్లే వచ్చిందని చూపించాల్సింది మీరే. నీళ్లలో పడిన ఫోన్, బయట విప్పిన ఫోన్ అయితే కేసు బలహీనపడుతుంది. మొదట్లోనే షాపులో ఇవ్వొద్దని చెప్పింది ఇందుకే.

వచ్చేసారి అప్‌డేట్ వస్తే

అప్‌డేట్లంటే భయపడి మానేయడం పరిష్కారం కాదు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు బ్యాంకు యాప్‌లకు రక్షణ. అవి వెంటనే వేసుకోండి. పేరు, నంబరు మారే పెద్ద వెర్షన్ అయితే ఒక వారం ఆగి, మీ మోడల్ వాడేవారు ఏమంటున్నారో చూడండి. వేసే ముందు బ్యాకప్ పూర్తయిందో లేదో చూసుకోవాలి, చార్జింగ్ సగానికి పైగా ఉండాలి, కొంత స్టోరేజీ ఖాళీగా ఉండాలి.

ఊళ్లో అమ్మానాన్నలు స్మార్ట్‌ఫోన్ వాడుతుంటే, ఈసారి పండక్కి వెళ్లినప్పుడు పది నిమిషాలు దీనికి కేటాయించండి. ఫొటోల బ్యాకప్ ఆన్ చేయండి. గూగుల్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్ బిల్లు ఫొటో మీ దగ్గర ఉంచుకోండి. అప్పుడు నాన్న కాల్ చేసి "ఫోన్ తెరుచుకుంట లేదు బిడ్డా" అంటే, ఫొటోలు ఎక్కడికీ పోలేదని మీరు ధైర్యంగా చెప్పగలరు.