మన ఛాయకు మన పౌడరు: ఇంట్లోనే చేసుకుందామా?

పెళ్ళికో, దీపావళి వేడుకకో, పిల్లల కూచిపూడి ప్రదర్శనకో తయారయ్యేటప్పుడు ఫేస్ పౌడరు దగ్గర మనవాళ్ళకు తరచు చిక్కు వస్తుంది. దుకాణంలో ఇప్పుడు రకరకాల ఛాయలు దొరుకుతున్నా ఒకటి మరీ తెలుపు, ఇంకొకటి గులాబీ, మరొకటి బూడిదరంగు. మన చామనఛాయలో ఉండే పసుపు జీర వాటిలో కనిపించదు. ఇండియా నుంచి తెచ్చుకున్న తెల్లటి పౌడరు అద్దుకుంటే ఫొటోలో పిండిలో పడి లేచినట్టు ఉంటుంది. మన రంగుకు తగిన పౌడరు ఇంట్లో చేసుకోవడం కష్టం కాదు. అయితే ఇంట్లో చేసిందీ, ప్రకృతిలో దొరికిందీ అంతా క్షేమమే అనుకుంటే మాత్రం పొరపాటు. పౌడరులో పిండి ఎక్కువ, రంగూ వాసనా తక్కువ. జాగ్రత్త పడవలసింది ఆ తక్కువ దగ్గరే.

పౌడరు చేసే పని

మంచి పౌడరు ముఖం మీది జిడ్డును, చెమటను పీల్చుకోవాలి, చర్మం మీద నున్నగా జారాలి, అతుక్కుని నిలవాలి, రంగు సమంగా కనిపించేలా చెయ్యాలి. ఏ ఒక్క వస్తువూ ఇవన్నీ చెయ్యలేదు. అందుకే నాలుగైదు కలుపుతారు. మొక్కజొన్న పిండి (అమెరికాలో కార్న్ స్టార్చ్, ఇంగ్లండులో కార్న్ ఫ్లోర్) తేమను పీలుస్తుంది. కెయోలిన్ అనే తెల్ల బంకమన్ను జిడ్డును పట్టి, కొంచెం కప్పుతుంది. మెగ్నీషియం స్టియరేట్ పౌడరును చర్మానికి అంటిపెడుతుంది. జింక్ ఆక్సైడు మచ్చలను కప్పుతుంది.

జారుడుతనానికి ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నది టాల్కు. ఇది గనుల్లో దొరికే మెత్తటి రాయి. భూమిలో ఆస్బెస్టాస్ కూడా దీని పక్కనే ఉండవచ్చు కాబట్టి కల్తీ భయం ఉంది. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ టాల్కు బేబీ పౌడరు అమ్మకాన్ని అమెరికా, కెనడాల్లో ఆపుతున్నట్టు 2020లో ప్రకటించింది. 2023లో ప్రపంచమంతటా మొక్కజొన్న పిండికి మారింది. 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్కును "బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే వర్గంలో చేర్చింది. ఈ వర్గీకరణ ఆధారాలు ఎంత బలంగా ఉన్నాయో చెబుతుంది గానీ ప్రమాదం ఎంతో చెప్పదు. అయినా ఇంట్లో చేసుకునేటప్పుడు టాల్కు లేకుండానే పని జరుగుతుంది కనుక వదిలేయడమే మేలు.

రంగు: అసలు జాగ్రత్త ఇక్కడే

మన భాషలో రంగు పొడులకు అందమైన పేర్లున్నాయి. సింధూరం అంటే సీసపు ఆక్సైడు. ఇంగిలీకం పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. పూర్వం వేషాలకు ముఖానికి పూసిన పచ్చటి అరదళంలో ఉండేది ఆర్సెనిక్. మూడూ ప్రకృతిలో ఉన్నవే, మూడూ విషాలే.

ఇది పాత కథ అనుకోవద్దు. 2017లో న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలోను, ఇండియాలోను కొన్న 118 సింధూరం నమూనాలను పరీక్షిస్తే, పదింట ఎనిమిదింటిలో ఎంతో కొంత సీసం కనిపించింది. కాబట్టి పూజ కోసం కొన్న సింధూరం, ముగ్గుల రంగులు, హోలీ రంగులు ముఖం పౌడరులో కలపకండి.

అసలైన కుంకుమ కూడా ఇందుకు పనికిరాదు. పసుపులో సున్నమో, వెలిగారమో కలిపితే ఆ ఎరుపు వస్తుంది. పులుపు తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది, కొందరి చర్మానికి మంట పుడుతుంది. ఉత్త పసుపు ఎండకు వెలిసిపోతుంది, బట్టలకు మరక పడుతుంది. బీట్‌రూట్ పొడి తేమ పీల్చి ఉండ కడుతుంది.

మిగిలింది ఐరన్ ఆక్సైడు. పల్లెల్లో గోడలకు పూసే జేగురుకు ఆ ఎరుపు ఇచ్చేది ఇదే. కానీ మట్టి నుంచి తీసినదానిలో సీసం, ఆర్సెనిక్ కలిసి ఉండవచ్చు. అందుకే అమెరికా ఎఫ్‌డీఏ నిబంధనల ప్రకారం సౌందర్య సాధనాల్లో కృత్రిమంగా తయారైన ఐరన్ ఆక్సైడునే వాడాలి. అందులో సీసం పది లక్షల పాళ్ళలో 10 మించరాదు, ఆర్సెనిక్, పాదరసం ఒక్కొక్కటి 3 మించరాదు. ఇది ఎరుపు, పసుపు, నలుపు రంగుల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు "కాస్మెటిక్ గ్రేడ్" అని ఉందో లేదో చూడండి. సిమెంటుకు, బొమ్మలకు అమ్మేది వద్దు.

కావలసినవి (100 గ్రాములకు)

మొక్కజొన్న పిండి – 55 గ్రాములు
కెయోలిన్ – 25 గ్రాములు
మెత్తటి కాల్షియం కార్బొనేట్ – 5 గ్రాములు
మెగ్నీషియం స్టియరేట్ – 5 గ్రాములు
జింక్ ఆక్సైడు – 5 గ్రాములు
పసుపు ఐరన్ ఆక్సైడు – 3 గ్రాములు
ఎరుపు ఐరన్ ఆక్సైడు – 1.5 గ్రాములు
నలుపు ఐరన్ ఆక్సైడు – 0.5 గ్రాము
సుగంధ తైలం – 10 చుక్కలు మించకుండా

ఇది చామనఛాయకు మొదటి అంచనా మాత్రమే. ఇంకా నలుపైన వారు జింక్ ఆక్సైడు మానేసి ఆ మేరకు పిండి పెంచుకుంటే బూడిద పూసినట్టు ఉండదు. పసిమి ఛాయవారు రంగులన్నీ సగం చేసుకోవచ్చు. చెంచాలతో కాక, గ్రాములో వందో వంతు వరకు తూచే చిన్న డిజిటల్ త్రాసుతో కొలవండి.

చేసే విధానం

ముందుగా తైలం చుక్కలను కాల్షియం కార్బొనేట్‌లో వేసి, కలిపి, మూత బిగించిన సీసాలో ఒక రోజు ఉంచండి. ఈ పొడి తైలాన్ని పీల్చి పట్టి ఉంచుతుంది. పిండిలో నేరుగా పోస్తే ఉండలు కడుతుంది.

మర్నాడు మూడు రంగులనూ కొద్దిపాటి కెయోలిన్‌తో కల్వంలో బాగా నూరండి. దీనికే కేటాయించిన కాఫీ గ్రైండరైనా సరే. తర్వాత ఆ మిశ్రమం ఎంత ఉందో అంత కెయోలిన్, మళ్ళీ అంత పిండి, ఇలా రెట్టింపు చేస్తూ కలపండి. రంగంతా ఒక్కసారి పిండిలో వేస్తే చారలు మిగులుతాయి. చిటికెడు తీసి తెల్ల కాగితం మీద వేలితో రుద్దండి. ఎర్రటి గీత కనిపిస్తే ఇంకా నూరాలన్న మాట. చివర మిగిలినవన్నీ, తైలం పట్టిన పొడితో సహా కలిపి, పల్చటి బట్టలో వస్త్రగాళితం పట్టండి.

ఛాయను గిన్నెలో చూసి నిర్ణయించకండి. చర్మపు జిడ్డు తగిలాక రంగు ముదురుతుంది. దవడ దగ్గర అద్ది, పది నిమిషాలాగి, కిటికీ వెలుతురులో చూసుకోండి.

సువాసన విషయంలో

చందనం, వట్టివేరు, గులాబీ తైలాలు మనకు పరిచయమైనవి. నిమ్మ, బెర్గమాట్ తైలాలు మాత్రం ఎండ తగిలితే చర్మాన్ని నల్లబరచవచ్చు, బొబ్బలెక్కించవచ్చు. లవంగం, దాల్చినచెక్క తైలాలు మంట పుట్టిస్తాయి. అమ్మమ్మలు సున్నిపిండిలో వేసే బావంచాలలో సోరలెన్ అనే పదార్థం ఉంది. అదీ ఎండతో కలిస్తే చర్మానికి హాని చేసేదే. సున్నిపిండిని వెంటనే కడిగేస్తాం, పౌడరు రోజంతా ముఖం మీదే ఉంటుంది. అక్కడ చెల్లినది ఇక్కడ చెల్లదు.

మరికొన్ని జాగ్రత్తలు

నూరేటప్పుడు, జల్లించేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఫ్యాను ఆపండి. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. పసిపిల్లలకు ఈ పౌడరు, ఆ మాటకొస్తే ఏ పౌడరూ వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మొదటిసారి మోచేతి లోపలి వైపు అద్ది రెండు మూడు రోజులు చూడండి. సువాసన వల్ల వచ్చే దద్దుర్లు వెంటనే బయటపడవు. పౌడరులో పన్నీరు చల్లకండి, తడి పఫ్ పెట్టకండి. పిండికి తడి తగిలితే బూజు పడుతుంది. కొద్దికొద్దిగా చేసుకుని, సీసా మీద తేదీ రాసుకోండి. జింక్ ఆక్సైడు వేశాం కదా అని సన్‌స్క్రీన్ మానకండి, ఆ పాటి మోతాదు ఎండను ఆపదు.

మీ ఇంట్లో వాడుకోవడం వేరు, మేళాలో స్టాలు పెట్టి అమ్మడం వేరు. అమెరికాలో అమ్మాలంటే ఎఫ్‌డీఏ అనుమతించిన రంగులే వాడాలి, పదార్థాల జాబితా లేబుల్ మీద ఉండాలి.

తూచిన ప్రతి కొలతా ఒక పుస్తకంలో రాసుకుంటే రెండు మూడు ప్రయత్నాల్లో మీ ఛాయ మీకు దొరుకుతుంది. ఈసారి పండగకు పది రోజుల ముందే మొదలుపెట్టి చూడండి.